రాజుగారితో వదిన పేచీ

ఆ ఇంట్లో ఆమెను పేరు పెట్టి పిలిచే మనిషే లేడు. మరిదికి వదిన, ఆడపడుచుకి వదిన. వాళ్ళ నోట విని విని పై అంతస్తువాళ్ళూ, పొద్దున్నే పేపర్లు వేసే అతనూ కూడా వదినే అనేవారు. చివరికి ఒకరోజు కట్టుకున్నాయన కూడా పరధ్యానంలో "వదినా, నా కళ్ళజోడు ఎక్కడైనా చూశావా?" అని కేకేశాడు. ఆ ముక్క పట్టుకుని ఇంటిల్లిపాదీ ఆయన్ని ఏడాది పొడుగునా ఏడిపించారు. కాబట్టి మనమూ వదిననే అందాం.

వదినది కుట్టుపని. పెద్ద రోడ్డు కింద, జనం అటూ ఇటూ దాటడానికి తవ్విన సొరంగం దారిలో వరసగా చిన్న చిన్న కొట్లున్నాయి. తాళాలు చేసే అతని కొట్టుకీ ఫోన్ల అద్దాలు మార్చే కొట్టుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది ఆమె కొట్టు. ఎంత ఇరుకంటే, బట్టలు వేసుకు చూసుకోవడానికి కట్టిన తెర పక్కకి లాగాలంటే ముందు ఇస్త్రీ బల్ల మడిచి గోడకి ఆనించాలి. అక్కడ కొత్త బట్టలు కుట్టదు. ఉన్నవాటిని సర్దుతుంది. పొడుగైతే మడత పెడుతుంది, బిగుతైతే వదులు చేస్తుంది, జిప్పు పోతే మారుస్తుంది. వచ్చినవాళ్ళలో సగంమంది ప్యాంటు బల్లమీద పెట్టి "ఉతికితే కుంచించుకుపోయిందండీ" అంటారు. వదిన వాళ్ళ పొట్టవైపు పొరపాటున కూడా చూడదు. దారం పంటితో తెంపుతూ, "ఈమధ్య బట్టలన్నీ అలాగే వస్తున్నాయండీ, ఏం చేస్తాం" అంటుంది. ఆ ఒక్క మాట కోసం ఊరవతలినుంచి వచ్చేవాళ్ళున్నారు.

వాదన పెట్టుకునే మనిషి కాదు. "మా కోడలి నోట్లో ఎప్పుడూ గుండుసూదులే, ఇంక మాటెక్కడ పడుతుంది" అనేది అత్తగారు. అందుకే ఆ ఆదివారం ఆమె నోరు విప్పి మరిదితో తగువు పడితే అందరికీ మతిపోయింది. అదీ ఒక ఆట గురించి, కాయితం మీద గీసిన కోట గురించి!

ఆట తెచ్చింది ఆడపడుచు. ఆమె బళ్ళో భూగోళం చెప్పే టీచరు. పటాలు గియ్యడమంటే ప్రాణం. ఉన్న దేశాలు గీసి గీసి విసుగెత్తిందేమో, ఒకరోజు లేని దేశాన్ని గీసుకుని, పెద్ద కాయితం చుట్ట చంకలో పెట్టుకుని అన్నయ్య ఇంటికి వచ్చింది. మూడు వాగులు, ఒక అడవి, మంచు కొండలు, గుట్టమీద కోట, కోట గోడల బయట ఒక పేట.

"ఇది మూడువాగుల రాజ్యం," అంది ముందుగది నేలమీద పటం పరుస్తూ. "కథ నేను చెప్తాను. మీరందులో మనుషులు. ఎవరెవరు ఏమవుతారో ఇప్పుడు చెప్పండి. మీరు ఏం చెయ్యాలనుకుంటున్నారో మీరే చెప్పాలి. అది కుదురుతుందో లేదో పాచిక చెప్తుంది."

"నేను రాజుని," అన్నాడు మరిది, అడగడమే ఆలస్యమన్నట్టు. ఇంట్లో కడసారపువాడు. చిన్నప్పట్నుంచీ అందరూ పని చెప్పేవాళ్ళే తప్ప మాట వినేవాళ్ళు లేరు. రాజు అనగానే సోఫా మధ్యలోకి జరిగి రెండు చేతులూ బారజాపి కూర్చున్నాడు.

వదిన భర్త టైల్స్ పరిచే మేస్త్రీ. మోకాళ్ళు అరిగిపోయిన మనిషి. "మాంత్రికుడైతే కూర్చుని పని చెయ్యచ్చా?" అని అడిగాడు. చెయ్యచ్చంది చెల్లెలు. "అయితే నేనదే" అన్నాడు.

"మరి నువ్వు వదినా? విలుకత్తెవి అవుతావా? లేకపోతే పులిమీద తిరిగే యువరాణి?"

"కత్తీ బాణం నాకెందుకు చిన్నమ్మాయ్, చెయ్యి తెగుతుంది. ఒక సూది ఇవ్వు. సైన్యానికి గుడారాలు కావాలిగా, అవి కుడతాను."

అందరూ నవ్వారు. ఆడపడుచు మాత్రం బుద్ధిగా, 'గుడారాలావిడ' అని పటం పక్కన రాసుకుంది. అత్తగారు కిటికీ దగ్గర బఠాణీలు వలుచుకుంటూ, "పనీపాటా లేనివాళ్ళు" అంది. కానీ ప్రతి ఆదివారం మధ్యాహ్నం సరిగ్గా ఆట మొదలయ్యే వేళకే ఆవిడకి బఠాణీలు వలవాలనిపించేది.

కొన్ని వారాలు సరదాగా గడిచాయి. రాజు వేటకెళ్ళాడు, వాగుమీద వంతెన కట్టించాడు. మాంత్రికుడు ఒక కొంగని పొరపాటున కప్పగా మార్చి మళ్ళీ మార్చలేకపోయాడు. గుడారాలావిడ గుడారాలు కుట్టింది. ఆ తర్వాత వచ్చింది ఆ ఆదివారం.

ఆడపడుచు గొంతు తగ్గించి కథ చెప్పింది. "కొండమీంచి రాక్షసుల దండు దిగుతోంది. పొద్దు వాలేలోగా ఇక్కడుంటారు. పేటవాళ్ళంతా మూటాముల్లె పట్టుకుని కోట తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డారు. లోపలికి రానిమ్మంటున్నారు. రాజుగారూ, ఏం చేస్తారు?"

"కోటలో ధాన్యం ఎంతుంది?"

"లోపల ఉన్నవాళ్ళకైతే చలికాలం గడిచిపోతుంది. అందరూ వస్తే సగంలోనే అయిపోతుంది."

మరిది టీ కప్పు కింద పెట్టాడు. "తలుపులు మూయించండి."

ఆడపడుచు పాచిక అందుకోబోతుంటే వదిన అడిగింది. "బయట ఎవరెవరున్నారు?"

"పేటవాళ్ళు వదినా."

"అంటే ఎవరు?"

"ఎవరంటే... ఊరికే జనం."

"ఊరికే జనం ఏంటి? వాళ్ళలో చెప్పులు కుట్టేవాడు ఉంటాడు, పాలు పోసే ఆవిడ ఉంటుంది. ఎవరో ఒక బాలింత ఉంటుంది. నా గుడారాల గుడ్డ ఎవరు నేస్తున్నారు? కోటలో మగ్గం ఉందని నువ్వెప్పుడూ చెప్పలేదే!"

ఆడపడుచు తెల్లమొహం వేసింది. మరిది ఓపిగ్గా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. "వదినా, వాళ్ళు లోపలికొస్తే అందరం పోతాం. మూస్తే కొందరమైనా మిగుల్తాం. రాజన్నాక లెక్క చూసుకోవాలి. మంచివాణ్ణనిపించుకుందామని తలుపు తీసేవాడు రాజే కాదు."

"చూసుకో, లెక్క చూసుకోవద్దని ఎవరన్నారు? కానీ ఆ లెక్కలో రాజు ఎప్పుడూ లోపలే ఉంటాడేం?"

కిటికీ దగ్గర బఠాణీల చప్పుడు ఆగిపోయింది.

"ధాన్యం రెట్టింపు చేసే మంత్రం ఏమైనా ఉందా నాకు?" అని అడిగాడు మేస్త్రీ, ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తూ.

"లేదన్నయ్యా. నిప్పు పుట్టించేదీ, కప్పగా మార్చేదీ, అంతే."

"రాక్షసుల్ని కప్పలుగా..."

"రోజుకి ఒక్కణ్ణి."

"అయితే నన్నొదిలెయ్యండి."

రాజు మాటకి తిరుగులేదన్నది ఆట రూలు. తలుపులు మూసుకోవడం మొదలైంది. అప్పుడు వదిన ఒళ్ళో ఉన్న బిస్కెట్ల ప్లేటు తీసి కింద పెట్టి, "అవి పూర్తిగా మూసేలోగా నేను బయటికెళ్తున్నాను" అంది.

"నువ్వు లోపలి మనిషివి వదినా! నీకు చోటుంది."

"నా చోటు ఆ బాలింతకివ్వు."

"బాలింత ఉందని నేను చెప్పలేదు!"

"అంత పేటలో ఒక్క బాలింతైనా ఉండదా?"

పాచిక వేశారు. గుడారాలావిడ తలుపు సందులోంచి బయటపడింది. ఆమె వెనకే తలుపు మూసుకుంది. మరిది చెవులు ఎర్రబడ్డాయి. "ఇది ఆట వదినా!" అన్నాడు.

"ఆటేగా. మరి నీకెందుకయ్యా అంత కోపం?"

"నాకేం కోపం లేదు!" అని అరిచి, చెప్పులు వేసుకుని, టీ సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు.

ఆ వారమంతా ఇల్లు రెండు పక్షాలైంది. ఆడపడుచు ఈ సంగతి బళ్ళో చెప్తే టీచర్ల గదిలో లెక్కల మేష్టారు రాజు పక్షం, పాటలు నేర్పే ఆవిడ పేట పక్షం చేరి ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేశారట. సొరంగం దారిలో తాళాలతను మొత్తం విని రాజుకే ఓటేశాడు. "తలుపంటూ పెట్టుకున్నాక మూయకపోతే ఇంక తాళం ఎందుకక్కా?" అన్నాడు. అతని దృష్టిలో అది రాజ్యం గొడవ కాదు, వృత్తిధర్మం.

వదిన పైకి తేలిగ్గానే ఉంది గానీ లోపల కుదురు లేదు. మరిది అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. అందరూ లోపలికొస్తే అందరూ ఆకలికి మాడిపోతారు. మరైతే ఏం చెయ్యాలి? విసురుగా బయటికైతే వచ్చేసింది. ఆ చలిలో, ఆ జనం మధ్య నిలబడి, ఇప్పుడేం చెయ్యాలో మాత్రం తోచడం లేదు. మిషను తొక్కుతూ అదే ఆలోచన. ఒకాయన కోటు చేతులు రెండూ మోచేతుల దాకా పొట్టి చేసి పెట్టింది.

వారం మధ్యలో ఒకరోజు మిట్టమధ్యాహ్నం, సొరంగంలో జనం పల్చబడ్డ వేళ, మరిది కొట్టు ముందు ప్రత్యక్షమయ్యాడు. చేతిలో డ్యూటీ ప్యాంటు. అంబులెన్సుల కంట్రోలు రూములో అతని ఉద్యోగం. ఫోన్లు తీసి, ఏ బండి ఎటు వెళ్ళాలో చెప్పే పని. ప్యాంటు బల్లమీద పెట్టి, చూపు ఎటో పెట్టి అన్నాడు.

"ఉతికితే కుంచించుకుపోయింది."

"నాకా చెప్తున్నావ్?" అంది వదిన.

ఇద్దరికీ నవ్వు ఆగలేదు. తాళాలతను తల బయటపెట్టి చూసి మళ్ళీ లోపలికి లాక్కున్నాడు. వదిన టేపు తీసి మరిది నడుముకి చుట్టింది. చుట్టి, కొలత బయటికి చెప్పకుండా మనసులోనే పెట్టుకుంది. ముక్కాలిపీట జరిపి, "కూర్చో, ఇప్పుడే చేసిస్తా" అంది.

అతను కూర్చున్నాడు. వదిన ప్యాంటు కుట్లు విప్పి మిషను మీదికెక్కించింది.

"పోయిన నెల్లో వదినా," అన్నాడు ఉన్నట్టుండి, "రెండు ఫోన్లు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఒకచోట పెద్దాయనకి గుండెనొప్పి. ఇంకోచోట ఒకావిడ మెట్లమీంచి పడింది. ఖాళీగా ఉన్నది ఒక్కటే బండి. గుండెనొప్పికి పంపాను. అదే రూలు, అదే సరైంది కూడా. రెండో ఫోన్లో ఉన్నది కూతురు. 'వస్తోందా అండీ, బండి వస్తోందా?' అని అడుగుతూనే ఉంది."

వదిన కాలు మిషను మీద ఆగింది. "ఆ పడ్డావిడకి ఏమైంది?"

"ఏం కాలేదు, కాలు విరిగింది. ఆ పెద్దాయన కూడా బతికి బయటపడ్డాడు. ఎవరికీ ఏం కాలేదు. అయినా ఆ పిల్ల గొంతు చెవిలోంచి పోదు. ఆవేళ నువ్వు, రాజెప్పుడూ లోపలే ఉంటాడేం అన్నావు చూడు. నన్నే అన్నావనుకున్నాను. చల్లటి గదిలో కూర్చుని, ఎవరికి బండి ఉందో ఎవరికి లేదో చెప్పేవాణ్ణి నేనేగా."

వదిన మిషను వదిలేసి అతనివైపు తిరిగింది. ఇన్నేళ్ళుగా చూస్తోంది, ఉద్యోగం ఎలా ఉందంటే 'బానే ఉంది' అని తప్ప ఇంకో మాట చెప్పలేదు ఈ పిల్లాడు. తను కాపురానికి వచ్చేనాటికి నిక్కర్లు వేసుకునేవాడు. "ఛ, ఛ. నిన్నెందుకంటానయ్యా," అంది. "ఆ పిల్లకి ఏం చెప్పావు?" అని అడిగింది.

"నిజమే చెప్పాను. బండి లేదమ్మా, ఇంకోటి ఖాళీ అవగానే పంపుతాను, ఈలోగా మీ అమ్మని కదపకండి, దుప్పటి కప్పండి అన్నాను. బండి వాళ్ళ వీధిలోకి తిరిగేదాకా ఫోను పెట్టలేదు."

"మరి నీ రాజు తలుపు మూయించి ఏం చేశాడు?"

అతను ఆలోచించాడు. "ఏం చేశాడూ... లోపలికెళ్ళాడు."

"నువ్వు చెయ్యని పని నీ రాజు చేత ఎందుకు చేయించావయ్యా?"

మరిది లేచాడు. ప్యాంటు తీసుకుని, వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "ఆదివారం వస్తున్నాను" అన్నాడు.

ఆదివారం ఆడపడుచు కూడా ఊరికే రాలేదు. వదిన అడిగిన ప్రశ్న ఆమెను వారమంతా నిద్రపోనివ్వలేదట. పేటవాళ్ళందరినీ తయారుచేసుకుని వచ్చింది. చెప్పులు కుట్టేవాడు, పాలావిడ, నేతవాడు, బాలింత, బాలింత మొగుడు, ఏది చెప్పినా అడ్డం మాట్లాడే ఒక ముసలాయన. ఒక్కొక్కళ్ళకి ఒక్కో గొంతు పెట్టి మాట్లాడుతుంటే కిటికీ దగ్గర అత్తగారు పకపకా నవ్వింది.

రాజు కోట గోడలో ఒక్క మనిషి పట్టేంత చిన్న దిడ్డి తలుపు తీయించి, కిరీటం లోపలే పెట్టేసి, జనం ముందుకి నడిచాడు.

"ధాన్యం ఇంతే ఉంది," అన్నాడు. "అందరం లోపలికెళ్తే అందరం పోతాం. నాకు తోచింది తలుపు మూయడం. మీకింకేమైనా తోస్తే చెప్పండి."

"నువ్వు పూటకి ఎంత తింటావు?" అడిగాడు అడ్డం మాటల ముసలాయన.

"బాగానే తింటాను," ఒప్పుకున్నాడు రాజు.

"అది మాకు కనపడుతూనే ఉంది," అన్నాడు ముసలాయన. మేస్త్రీ నవ్వు ఆపుకోలేక టీ ఒలకబోసుకున్నాడు.

మాటల్లో మాటగా ఒక దారి తేలింది. పిల్లలూ, జబ్బుమనుషులూ, బాలింతలూ లోపలికి. కోటలో గట్టిగా ఉన్నవాళ్ళంతా బయటికొచ్చి పేటవాళ్ళతో కలిసి అడవిలోకి. ధాన్యం చెరిసగం. గుడారాలావిడ దగ్గర గుడారాలెలాగూ ఉన్నాయి. అందరికీ నచ్చింది. కానీ దీనంతటికీ పొద్దుపోయింది. బస్తాలు ఇంకా మోస్తూనే ఉన్నారు, పిల్లలు ఇంకా తలుపు దాటుతూనే ఉన్నారు, రాక్షసులు గుట్ట కిందికి వచ్చేశారు. మూడుసార్లు పాచిక వేస్తే మూడుసార్లూ పాడు పందెమే పడింది. లోపలివాళ్ళు వెనకదారిన తప్పించుకున్నారు. కోట పోయింది. సగం ధాన్యం కూడా దాంతోనే పోయింది.

"చూశావా వదినా," అన్నాడు మరిది. ఈసారి కోపంగా కాదు. "ముందే మూసేసి ఉంటే కోట మిగిలేది."

"మిగిలేది," అంది వదిన. వాదించలేదు. ఆమెకి దిగులుగానే ఉంది. పటంలో ఆ కోట బురుజులన్నిటికీ ఆడపడుచు ఎంతో ఓపిగ్గా రంగులు వేసింది.

"గుడారం ఏమైనా ఖాళీ ఉందా?" అని అడిగాడు రాజు.

"ఉంది గానీ, నీకు కొంచెం బిగుతు."

కథ అక్కడితో అయిపోయినా బాగుండేది వదినకి. కానీ అడవిలో కుదురుకున్న జనం తమకొక పెద్ద కావాలన్నారు, గుడారాలావిడే కావాలన్నారు. వదిన వద్దంటే వద్దంది.

"జనం అడుగుతున్నారు వదినా," అంది ఆడపడుచు కళ్ళలో కొంటెతనంతో. "జనం మాట వినాలని పేచీ పెట్టింది నువ్వేగా?"

అలా ఇరుక్కుంది. పెద్దరికం చేతికొచ్చాక వదిన ప్రతిదానికీ అందరినీ అడిగేది. బావి ఎక్కడ తవ్వాలని ఒక్కొక్కళ్ళనీ పిలిచి అడిగింది. ముసలాయన రెండుసార్లు రెండు చోట్లు చెప్పాడు. బావి చోటు తేలేసరికి ఆ రాజ్యంలో వానలు మొదలయ్యాయి, ఇక బావితో పనే లేకపోయింది. మాంత్రికుడు సోఫా మీదే గురక పెట్టాడు. మరిది ఒక్క మాట ఎత్తిపొడవకుండా పెదవులు బిగబట్టుకుని కూర్చున్నాడు. అది ఎత్తిపొడుపుకన్నా ఎక్కువగా గుచ్చుకుంది వదినకి.

ఆ తర్వాత అసలు చిక్కు వచ్చిపడింది. చెప్పులు కుట్టేవాడు ఉమ్మడి ధాన్యంలోంచి పిల్లల కోసమని దొంగతనంగా తీస్తూ దొరికాడు. ఒకసారి మందలించి వదిలేస్తే మళ్ళీ దొరికాడు. వాణ్ణి వెళ్ళగొట్టాలని సగంమంది. వెళ్ళగొడితే పిల్లలు చస్తారని సగంమంది. బాలింత మొగుడు, "వాడుంటే మేముండం" అన్నాడు.

"పెద్దమ్మగారూ, ఏం చేస్తారు?" అడిగింది ఆడపడుచు.

వదిన పాచిక వంక చూసింది, పటం వంక చూసింది. "వచ్చే వారం చెప్తాను" అంది.

మర్నాడు పొద్దున బ్రష్షు చేసుకుంటున్న మొగుణ్ణి పట్టుకుంది. "ఏం చెయ్యమంటారు?"

ఆయన నోట్లో నురగతోనే ఆలోచించాడు. ఉమ్మేసి చెప్పాడు. "ఏ గదీ నలుచదరంగా ఉండదు. ఎక్కడో ఒకచోట టైలు ముక్క కొయ్యక తప్పదు. కోసిన ముక్క గుమ్మానికి ఎదురుగా పెట్టకుండా చూసుకోవాలి, అంతే."

"అంటే?"

"ఏమో, నాకూ తెలీదు. నువ్వడిగావని చెప్పాను."

ఆమెకి నవ్వొచ్చింది గానీ సందేహం తీరలేదు. ఆ మధ్యాహ్నం కొట్టులోంచి మరిదికి ఫోను చేసింది. అతను భోజనం విరామంలో ఉన్నాడు. వెనక ఎవరో బండి నంబర్లు చదువుతున్నారు.

"ఏది చెప్పినా కొందరికి తప్పే వదినా," అన్నాడు. "తప్పు కాని మాట ఏదైనా దొరుకుతుందని వెతక్కు. నేను రెండేళ్ళు వెతికాను. నీకు ఏది సరైందనిపిస్తే అది చెప్పు, చెప్పి అక్కడే ఉండు. నీ పక్కన నేను నిలబడతాను."

ఆదివారం వదిన చెప్పింది. చెప్పులవాడు వెళ్ళడు. కానీ ధాన్యం ఉన్న గుడారం ఛాయలకి రాకూడదు. వాడి పిల్లల వంతు ఇకనుంచి వాడి చేతికి కాకుండా పిల్లల చేతికే ఇస్తారు. ఆడపడుచు గొంతు మార్చి మార్చి అరుపులూ, గొణుగుళ్ళూ అన్నీ వినిపించింది. పాచిక పడింది. బాలింత మొగుడు కోపం దిగమింగుకోలేక పెళ్ళాన్నీ పసిబిడ్డనీ తీసుకుని అడవి దాటి వెళ్ళిపోయాడు. వాళ్ళతో ఇంకో నాలుగు కుటుంబాలు.

ఎవరి కోసమైతే ఆమె కోట దాటి బయటికొచ్చిందో, ఆ బాలింతే. వదిన కళ్ళు చెమర్చాయి. కొంగుతో తుడుచుకుంటూ, "ఛీ, నాకేమొచ్చింది" అని నవ్వబోయింది. ఎవరూ నవ్వలేదు.

"కావాలంటే మళ్ళీ వేద్దాం వదినా," అంది ఆడపడుచు మెల్లగా. "నా కథే కదా. వాళ్ళని ఆపేస్తాను."

"వద్దు. వెళ్ళనీ, వాళ్ళ కోపం వాళ్ళది. నీళ్ళు కారని గుడారం ఒకటుంది చూడు, అది పసిబిడ్డతో పాటు పంపించు."

రాజు ఆ గుడారం తనే మోసుకెళ్ళి వాళ్ళకిచ్చి వచ్చాడు.

ఆ రాజ్యంలో ఇప్పుడు పెద్దరికం వంతులవారీగా నడుస్తోంది. మాంత్రికుడి వంతు వచ్చినప్పుడు పనులన్నీ చకచకా అయిపోతాయి. ఆయన నిద్రపోతుంటే జనమే చేసుకుంటారు. మరిదిని ఇంట్లో అందరూ మాజీ రాజు అంటారు. అతను దానికేమీ అనుకోడు సరికదా, డ్యూటీ దిగి వచ్చే దారిలో సొరంగంలోకి దిగి, ముక్కాలిపీట లాక్కుని, ఆరోజు ఏ ఫోన్లు వచ్చాయో వదినకి చెప్తాడు. వదిన వింటుంది. ఏమనాలో తెలియకపోతే ఏమీ అనదు. తాళాలతను మాత్రం, వాళ్ళకి వినపడదనుకుని, తలుపు మూయడమే రైటని ఇంకా గొణుగుతూనే ఉంటాడు.

ఈమధ్య ఒక ఆదివారం ఆట మంచి పట్టులో ఉండగా అత్తగారు బఠాణీల గిన్నె పక్కకి నెట్టింది.

"ఇన్నాళ్ళనుంచీ వింటున్నాను," అంది. "ఆ రాక్షసులు కొండ దిగి ఎందుకొచ్చారో మీలో ఒక్కళ్ళైనా అడిగారా?"

ముగ్గురూ ఆడపడుచు వంక చూశారు.

"వాళ్ళు రాక్షసులు కదమ్మా," అంది ఆడపడుచు చివరికి.

"అయితే? వాళ్ళకి మాత్రం పిల్లాజెల్లా ఉండరా? కొండమీద ఏమైందో ఏమో. ఊరికే ఎవరైనా ఉన్నచోటు వదులుకుని వస్తారా? నన్ను కూడా ఆటలో వేసుకోండి. నేను వాళ్ళవైపు."

"అమ్మా! మా కోట లాక్కున్నది మీరేగా!" అన్నాడు మాజీ రాజు లేచి కూర్చుని.

"లాక్కుంటే ఏమొచ్చిందిరా? లోపలికొచ్చి చూస్తే సగం ధాన్యం మీరే పట్టుకుపోయారు. మావాళ్ళు పస్తులున్నారు."

ఆడపడుచు మొహం వెలిగిపోయింది. పటంలో ఆ మంచు కొండలమీద తను ఇంతవరకూ ఒక్క ఇల్లు కూడా గియ్యలేదని అప్పుడే గమనించినట్టుంది. పెన్సిలు వెతుక్కోసాగింది. వదిన జరిగి సోఫామీద తన పక్కన చోటిచ్చింది.

"ముందు మీరెవరో చెప్పండి అత్తయ్యా. రాక్షసుల రాణా?"

"రాణీ లేదు, గీణీ లేదు. వంటమనిషిని. అంతేసి మనుషులకి వండాలంటే ఎంతేసి గిన్నెలు కావాలో మీకేం తెలుసు? ఏదీ, ఆ పాచిక ఇలా పడెయ్యి."

జీవితంలో మొదటిసారి పాచిక విసిరింది ఆవిడ. బలంగా విసిరిందేమో, అది పటం దాటి, టీ కప్పుకి కొట్టుకుని, దొర్లుకుంటూ సోఫా కిందికి పోయింది. మాంత్రికుడు మోకాళ్ళు పట్టుకుని లేవబోయాడు. "నువ్వుండన్నయ్యా" అంటూ మాజీ రాజు నేలమీద బోర్లా పడుకుని, చెయ్యి భుజందాకా లోపలికి పోనిచ్చి తడుముతున్నాడు. పైనుంచి వదిన, "కుడివైపు, ఇంకొంచెం లోపలికి, అదిగో" అని చెప్తోంది.